కర్ణ మళ్ళీ గుర్రుమన్న రోజు

కొత్తగా తెచ్చుకున్న కుక్క కర్ణ, మా ఇంటికొచ్చిన 11వ రోజు మా పాత కుక్క మల్లి మెడ పట్టుకున్నాడు. మొరగలేదు, గుర్రుమనలేదు, పళ్ళు చూపించలేదు. మల్లి నీళ్ళ గిన్నె వైపు నడుస్తోంది, పడుకున్నవాడు లేచాడు, అంతే. నేను తేరుకునేలోపే దాని మెడ చర్మం వాడి నోట్లో ఉంది. కంగారులో ఇద్దరి మధ్యా చెయ్యి పెట్టాను. మణికట్టు పైన కోరలు దిగాయి. ఎవరివో ఇప్పటికీ తెలియదు. మా తమ్ముడు బకెట్టు నీళ్ళు మొహాల మీద కొడితే విడిపోయారు. కుక్కలు కొట్టుకుంటుంటే మధ్యలో చెయ్యి మాత్రం పెట్టకండి. నీళ్ళు కొట్టండి, పెద్ద చప్పుడు చెయ్యండి, అట్టో పలకో అడ్డం దూర్చండి.

గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. కుక్కలిద్దరికీ రేబిస్ టీకాలు పడే ఉన్నాయి, అయినా కడగడం, డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకూడదు. మల్లికి పైకి కనిపించినవి రెండు చిన్న రంధ్రాలే. పశువుల డాక్టరు వెంట్రుకలు గొరిగి చూస్తే లోపల చర్మం కండ నుంచి విడిపోయి ఉంది. కుక్క కాటు పైకి చుక్కలా కనిపిస్తుంది, లోపల చీరేస్తుంది.

కర్ణ గొలుసు మీద పెరిగినవాడు. రెండేళ్ళు ఒకే చోట కట్టేసి ఉంటే విడిపించి తెచ్చారు. ఎడమ చెవి సగం లేదు, అందుకే ఆ పేరు పెట్టాను. మల్లికి అప్పటికే 8 ఏళ్ళు, ఎవరి జోలికీ పోని ముసలిది.

ఆ కాటుకు ముందు జరిగినదంతా నా తప్పే. వచ్చిన రోజే ఇద్దరినీ ఒకే గదిలో వదిలేశాను, వాళ్ళే సర్దుకుంటారని. మల్లి దగ్గరగా వచ్చినప్పుడల్లా వాడు గుర్రుమనేవాడు. గుర్రుమన్నప్పుడల్లా నేను కసిరేదాన్ని, పట్టీ గుంజేదాన్ని. తెలిసినవాళ్ళొకరు "వెల్లకిలా పడేసి అదిమి పట్టు, నువ్వే నాయకురాలివని తెలియాలి" అన్నారు. రెండుసార్లు అదీ చేశాను. ఎనిమిదో రోజుకి గుర్రు ఆగిపోయింది. దారిలోకి వచ్చాడని ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ నాయకత్వం మాట ఎక్కడ పుట్టిందో తర్వాత చదివాను. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన, బోనులో పెట్టిన తోడేళ్ళను చూసి రాసిన దాంట్లోంచి అది పాకింది. దాన్ని జనంలోకి తీసుకెళ్ళిన వాళ్ళలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే తోడేళ్ళ పరిశోధకుడే, అడవిలో తోడేళ్ళ గుంపంటే మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలే, పెత్తనం కోసం కొట్లాట కాదని 1999లో రాశారు. నేను అదిమి పట్టినప్పుడు కర్ణ నేర్చుకున్నది ఒక్కటే: మల్లి దగ్గరికొస్తే తనకు దెబ్బ పడుతుంది.

మొరిగే కుక్క కరవదంటారు. మాకు దొరికిన ట్రైనర్ ఆ మాటే ఎత్తింది. "వాడు వారం రోజులు మీకు చెప్పాడండీ. చెప్పినందుకు తిట్లు తిన్నాడు. ఇక చెప్పడం మానేశాడు. మనం ముందు వాడి గుర్రు వాడికి తిరిగి ఇవ్వాలి." అప్పుడు నాకు సగమే అర్థమైంది.

మొదలుపెట్టకముందే ఆవిడ మమ్మల్ని మళ్ళీ పశువుల డాక్టరు దగ్గరికి పంపింది. తెగిన చెవి లోపల పాత ఇన్‌ఫెక్షన్ బయటపడింది. తల అటువైపు తిప్పితేనే సలుపుతుందట. నొప్పితో ఉన్నవాడి పక్క నుంచి ఎవరు నడిచినా వాడికి గండమే. మీ కుక్క ఉన్నట్టుండి మీద పడుతోందంటే ముందు చెవులు, పళ్ళు, కీళ్ళు చూపించండి. ట్రైనింగ్ తర్వాత.

మూడు వారాలు ఇద్దరూ ఒకరినొకరు చూడనే లేదు. ఎప్పుడూ మధ్యలో రెండు తలుపులు, ఒకటి పొరపాటున తెరుచుకున్నా ఇంకొకటి ఉండాలని. ఒకరు హాల్లో ఉంటే ఇంకొకరు గదిలో. వాడు పడుకున్న దుప్పటి దీనికి, ఇది పడుకున్నది వాడికి వేసి, వాటి మీద ఉడికించిన కోడిమాంసం ముక్కలు చల్లేవాళ్ళం. మల్లి వాసన వస్తే మంచిదేదో దొరుకుతుందని వాడి ముక్కుకు ముందు తెలియాలి.

ఆ రోజుల్లోనే చిక్కం అలవాటు చేశాం. మూతిని బిగించి కట్టే గుడ్డది కాదు, బుట్టలా ఉండేది. కుక్కకు ఒళ్ళు చల్లబడేది ముఖ్యంగా నోరు తెరిచి వగర్చడం వల్లే. బుట్ట చిక్కంలో వగర్చగలదు, నీళ్ళు తాగగలదు, మనం పెట్టేది తినగలదు. లోపల వేరుశనగ ముద్ద రాసి పట్టుకుంటే వాడే మూతి పెట్టి నాకేవాడు. కొనే ముద్దయితే జైలిటాల్ అనే తీపి పదార్థం లేనిది చూసుకోండి, అది కుక్కలకు విషం. 12వ రోజుకి చిక్కం చూడగానే తోక ఊపుతూ వచ్చి తనే మూతి దూర్చాడు.

తర్వాత మైదానం. నేను కర్ణతో ఒక చివర, తమ్ముడు మల్లితో ఇంకో చివర. 40 మీటర్ల దూరంలో కర్ణ మల్లిని చూసి, నా చేతిలో ముక్క తిన్నాడు. 30 మీటర్లకు తగ్గగానే ముక్క మూతికి ఆనించినా తినలేదు. నోరు మూసుకుపోయింది, ఒళ్ళు బిగిసింది. ఆ రోజుకి వాడి గీత అక్కడ. ఆ గీత దాటి కుక్కకు ఏమీ నేర్పలేం. వెనక్కి తిరిగాం.

నేను ఎక్కువసార్లు తడబడింది వరస దగ్గర. ముందు మల్లి కనపడాలి, ఆ తర్వాతే ముక్క రావాలి. నేనేమో వాడు కంగారుపడతాడని ముందే ముక్క తీసేదాన్ని. అలా చేస్తే ముక్క చూడగానే "మల్లి వస్తోంది" అని వాడు బెదురుతాడు. చప్పుడు వినగానే కుక్కలకు నోరూరేలా చేసిన శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల్లోనూ చప్పుడు ముందు, తిండి తర్వాత. ఇంకొకటి పట్టీ. నా భయం నా చేతిలోంచి పట్టీలోకి దిగేది. నేను బిగిస్తే వాడూ బిగిసేవాడు. పట్టీని వదులుగా వేలాడనివ్వడం నాకు నేను నేర్పుకున్న విద్య, వాడి చదువు కన్నా కష్టమైంది.

ఎదురెదురుగా ఎప్పుడూ నడిపించలేదు. సూటిగా చూస్తూ ఎదురు రావడం కుక్కల్లో కయ్యానికి పిలుపు లాంటిది. ఇద్దరినీ ఒకే దిక్కుకి, పక్కపక్కన, మధ్యలో దూరం ఉంచి నడిపించాం. 25 మీటర్లు, 15, 8. ఒకరోజు మళ్ళీ 30. ఆ పొద్దున ఉరుము ఉరిమింది, దారిలో ఓ కొత్త కుక్క మీదికొచ్చింది, రెండూ కలిసి వాడిలో పేరుకుపోయాయి. ఆ తర్వాత అలాంటి రోజున అసలు కలపలేదు, రెండు మూడు రోజులు ఊరికే పడుకోనిచ్చేవాళ్ళం.

ఏడో వారంలో ఇంట్లో తలుపు బదులు జాలీ గేటు పెట్టాం. కర్ణ అవతల పడుకున్నాడు. మల్లి వచ్చి గేటుకి ముక్కు ఆనించింది. వాడి నోరు మూసుకుంది, కంటి తెలుపు పక్కకి కనిపించింది. ఆపైన గొంతులోంచి సన్నగా, గుర్ర్‌ర్.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కసరలేదు, కదల్లేదు. మెల్లగా "మల్లీ, ఇలా రా తల్లీ" అన్నాను. అది వచ్చేసింది. కర్ణ ఓసారి దాని వైపు, ఓసారి నా వైపు చూసి, లేచి నీళ్ళు విదిల్చినట్టు ఒళ్ళంతా విదిల్చుకుని, తల ముందు కాళ్ళ మీద పెట్టుకున్నాడు. చెప్పాడు, విన్నాం. ఆ వారంలోనే ఇంకో నాలుగుసార్లు గుర్రుమన్నాడు. పై వారం ఒక్కసారే.

మిగతాది తొందరగానే జరిగింది. చిక్కంతో, పట్టీ నేల మీద ఈడుస్తూ ఒకే గదిలో ఐదు నిమిషాలు, పది, గంట. నాలుగో నెలలో చిక్కం తీశాం. ఇప్పటికి ఏడాదిన్నర. తిండి వేరు వేరు గదుల్లోనే పెడతాను. ఎముకలు ఇవ్వను. ఇరుకు గుమ్మాల్లో ఒకరి తర్వాత ఒకరిని పంపుతాను. ఎవరూ లేనప్పుడు గేటు వేసే వెళ్తాను, అది ఎప్పటికీ మారదు. ఇంత చేసినా కుదరని జంటలూ ఉంటాయని ట్రైనర్ మొదటి రోజే చెప్పింది. అలాంటప్పుడు ఒక కుక్కకి, ఇంకో కుక్క లేని మంచి ఇల్లు వెతకడం దాన్ని వదిలించుకోవడం కాదు. ఆ మాట ముందే వినబట్టే నేను తొందరపడకుండా ఉండగలిగాను.

నిన్న సాయంత్రం ఇద్దరూ కిటికీ దగ్గర ఎండలో పడుకున్నారు. మల్లికి చూపు మందగించింది. లేచి తిరగబోయి వాడి తోక మీద కాలు వేసింది. కర్ణ తల ఎత్తి చిన్నగా గుర్రుమన్నాడు. మల్లి కాలు తీసి, రెండడుగులు పక్కకి జరిగి, వాడి వైపు వీపు పెట్టి పడుకుంది. వాడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.