నైలు కలువ, ఒసిరిస్ మొలకలు

ప్రాచీన ఈజిప్టువారు మృతుల వెంట సమాధిలో ఉంచిన ‘మృతుల గ్రంథం’లో 81వ మంత్రం మరణించినవాణ్ణి కలువగా మార్చేది. సూర్యకాంతిలోంచి వెలువడి, సూర్యదేవుడైన రా నాసిక చెంత నిలిచే నిర్మలమైన కలువను నేనే అని అందులో మృతుడు పలుకుతాడు. మన కావ్యాల్లో కలువ చంద్రుణ్ణి చూసి వికసిస్తుంది కనుక ఈ మాట మనకు వింతగా తోచవచ్చు. నైలు తీరపు నీలి కలువ మాత్రం పొద్దున విచ్చుకొని, ఎండ ముదిరాక ముడుచుకొని, మర్నాడు మళ్లీ విచ్చుకుంటుంది. ఆదిజలాల నుంచి లేచిన కలువలోనే సూర్యుడు ఉదయించాడని వారి పురాగాథ. సమాధి గోడల మీద విందులో కూర్చున్న స్త్రీలు కలువను ముక్కు దగ్గర పట్టుకోవడం ఉత్త అలంకారమని నేననుకోను. దేవుడు ఆఘ్రాణించే పువ్వునే వారూ ఆఘ్రాణిస్తున్నారు.

అయితే గీసిన పువ్వుల కన్నా నిజంగా విత్తిన గింజలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. 1922లో బయటపడిన టుటన్‌ఖామున్ సమాధిలో ఒసిరిస్ ఆకారంలో చేసిన ఒక కొయ్య చట్రం దొరికింది. దానిలో గుడ్డ పరిచి, నైలు ఒండ్రుమట్టి నింపి, ధాన్యపు గింజలు చల్లి తడిపారు. మొలకలు వచ్చాక అవిసె నారబట్టతో చుట్టి రాజు వెంట ఉంచారు. తమ్ముడు సేత్ చేతిలో హతుడై, భార్య ఇసిస్ తపన వల్ల తిరిగి ప్రాణం పొందిన దేవుడు ఒసిరిస్. వరద తీసి పొలాలు విత్తే ఖోయాక్ మాసంలో ఆలయాల్లోనూ మట్టి, ధాన్యం కలిపి ఆయన ప్రతిమలు చేసేవారు. చావు లేకుండా చేయమని వారు అడగలేదు. మట్టిలో పడిన గింజకు దక్కేదే తమకూ దక్కాలని వేడుకున్నారు.

ఈ వేడుకోలు రాజులకే పరిమితం కాలేదు. రాజుల సమాధులు కట్టే పనివారి ఊరైన దేర్ ఎల్ మెదీనాలో సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి పైకప్పు మీద, మేడిజాతి చెట్టు మానులోంచి వెలువడిన దేవత ఆ దంపతులకు ఆహారం, నీరు అందిస్తుంది. గోడ మీద ఇయారు అనే పరలోకపు పొలం ఉంది: అతడు కొడవలితో వెన్నులు కోస్తుంటే భార్య ఇయ్‌నెఫెర్తి వెనకే ఏరుతుంది, ఆ పక్కన ఇద్దరూ అవిసె మొక్కలు పీకుతారు, కింద కాలువ వెంట ఈతజాతి చెట్లు కాయలతో నిలిచి ఉంటాయి. తెల్లని వస్త్రాల మీద మట్టి మరక ఒక్కటీ లేదు. పరలోకంలో పనికి పిలిస్తే తమ బదులు పలకడానికి ఉషబ్తి బొమ్మలనూ వెంట పెట్టుకున్నారు మరి.