మూడో ‘వద్దు’

“మన తెలుగులో వద్దు అంటే మళ్ళీ అడగమనా అమ్మా?”

మా పెద్దమ్మాయి ఈ మాట అడిగింది బొనేర్ దీవిలో, ఒడ్డున పసుపు రంగు వేసిన ఒక రాయి పక్కన నిలబడి, జడలోంచి ఉప్పునీళ్ళు కారుతుండగా. కోపంగా అడిగి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేసేదాన్ని. కోపం లేదు. పదమూడేళ్ళ పిల్ల నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నాలుగు నెలలైంది. ఆ జవాబు నేనింకా వెతుక్కుంటూనే ఉన్నాను.

బొనేర్ వెనెజువెలాకి ఉత్తరాన, తీరానికి 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న దీవి. నెదర్లాండ్స్ కిందికి వస్తుంది, చెల్లేది అమెరికన్ డాలరు. స్కూబా, అంటే గాలి సిలిండరు తగిలించుకుని నీళ్ళ కింద ఈదడం, నేర్చుకున్నవాళ్ళకి ఆ దీవి అంటే ఎందుకంత ఇష్టమంటే, చాలాచోట్ల పడవతో పనే ఉండదు. పికప్ ట్రక్కు అద్దెకు తీసుకుని, వెనకాల సిలిండర్లు పడేసుకుని, తీరం రోడ్డు వెంట వెళ్తుంటే పేర్లు రాసిన పసుపు రాళ్ళు కనపడుతుంటాయి. నచ్చిన రాయి దగ్గర ఆగి, సిలిండరు తగిలించుకుని, నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోవడమే. వెయ్యి మెట్లు అనే పేరున్న చోట నిజానికి మెట్లు డెబ్బై దరిదాపుల్లోనే ఉంటాయి. బరువు మోసుకుంటూ తిరిగి ఎక్కేవాళ్ళు పెట్టిన పేరు అది. కాస్త ఈదితే చాలు, కాళ్ళ కింద పగడాల దిబ్బ ఏటవాలుగా నీలంలోకి దిగిపోతూ ఉంటుంది. దీవి చుట్టూ ఉన్న సముద్రాన్ని 60 మీటర్ల లోతు వరకూ 1979లోనే రక్షిత పార్కు చేశారు. అందులో డైవర్లు చేతులకి తొడుగులు వేసుకోకూడదు. తొడుగు ఉంటే దేన్నైనా పట్టుకోవచ్చనే ధైర్యం వస్తుంది, చెయ్యి తగిలితే పగడం చచ్చిపోవచ్చు. అందుకని. ఈ చేతుల సంగతి మళ్ళీ వస్తుంది.

స్కూబా నేనూ మా పెద్దమ్మాయీ కలిసే నేర్చుకున్నాం. మావారికి చెవి ఇబ్బంది, చిన్నవాడు ఇంకా చిన్నవాడు. వాళ్ళిద్దరూ ఒడ్డున, మేమిద్దరం నీళ్ళలో. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకిచ్చే జూనియర్ సర్టిఫికెట్ తనది. దాంతో 18 మీటర్ల వరకూ దిగొచ్చు, కాకపోతే పక్కన సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్ళు ఉండి తీరాలి. ఆ పెద్ద మనిషిని నేను. బడ్డీ అంటారు. ఒకరి గాలి ఇంకొకరు చూసుకోవాలి, ఒకరి పట్టీలు ఇంకొకరు సరిచూడాలి. ఇంట్లో గది తలుపు వేసుకునే వయసుకొచ్చిన పిల్ల నీళ్ళ కింద మాత్రం నా పక్కనే ఉంటుందన్న ఆశ నాకు చాలా ఉండేది. ఆ సెలవులకి డబ్బు కూడబెట్టింది కూడా అందుకే.

నీళ్ళ కింద మాట ఉండదు, సైగే. చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుడితే బాగున్నానని. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. బొటనవేలు పైకెత్తడం మనకి భేష్ అనడం. అక్కడ మాత్రం ‘పైకి పోదాం, డైవ్ అయిపోయింది’ అని. దీనికొక నియమం ఉంది. ఇద్దరిలో ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా, అసలు కారణమే లేకపోయినా ఆ వేలు ఎత్తొచ్చు. ఎత్తాక రెండో మనిషి ప్రశ్నలు వెయ్యకూడదు. తనూ అదే వేలు చూపించి పైకి బయల్దేరాలి. పైకొచ్చాక కూడా కారణం చెప్పమని నిలదియ్యకూడదు.

ఎందుకింత కచ్చితమో కోర్సులో చదివాను. నీళ్ళ కింద భయం మొదలైతే ఊపిరి చిన్నచిన్నగా, వేగంగా సాగుతుంది. అలా పీల్చినకొద్దీ గాలి చాలడం లేదనిపిస్తుంది. ఆ క్షణంలో మనిషి ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి ఎగబాకితే ప్రాణం మీదికి వస్తుంది. 10 మీటర్ల లోతులో నిండుగా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. అంత దూరం రాకముందే మనిషి చేతిలో ఉన్న ఒకే ఒక్క మాట ఆ బొటనవేలు. ఇదంతా చదివి, పరీక్ష రాసి, పాసైనదాన్ని నేను.

మూడో రోజు, రెండో డైవు. 14 మీటర్ల లోతులో ఉన్నాం. అంతకు ముందురోజు మా ఇన్‌స్ట్రక్టరు ఒక గుర్తు చెప్పింది: ఇసుక మేట దాటాక, ఊదారంగు మెత్తటి పగడం కొమ్మకి తోక చుట్టుకుని ఒక సముద్ర గుర్రం, అదే సీహార్స్ అనే చిన్న చేప, ఉందని. మా అమ్మాయికి ఒకటో తరగతి నుంచీ సముద్ర గుర్రాలంటే ప్రాణం. దాన్ని చూపించాలి. ఆ పూట నా ధ్యాసంతా ఆ కొమ్మ మీదే.

ఇసుక మేట ఇంకా రాలేదు. నా భుజం తట్టింది. తిరిగి చూస్తే బొటనవేలు పైకి పెట్టి ఉంది. ఊరు నుంచి బయల్దేరే ముందురోజు ఆ గోళ్ళకి నేనే ఎర్రరంగు వేశాను. నీళ్ళు అన్నిటికంటే ముందు ఎరుపునే మింగేస్తాయి. ఆ లోతులో ఆ గోరు బాగా మాగిన నేరేడు పండులా, దాదాపు నల్లగా కనపడింది. అంచున చిన్న పెచ్చు లేచి ఉంది. ఉప్పునీళ్ళకి వేలి కొస ముడతలు పడింది. ఇవన్నీ కనపడేంత సేపు, అంత దగ్గరగా ఆ వేలు నా కళ్ళ ముందు ఉంది. అప్పుడు నేను చేసింది, తన గాలి మీటరు తిప్పి చూడడం. సగం ఉంది. లోతు బాగానే ఉంది. మాస్కులో నీళ్ళు లేవు. సున్నా చుట్టి చూపించాను, అంతా బాగుందిగా అన్నట్టు. ముందుకి చెయ్యి చూపించాను. తన భుజం పట్టీ పట్టుకుని నాతో లాక్కెళ్ళాను. పగడాన్ని ముట్టుకోకూడదని మూడు రోజులుగా వేళ్ళు ముడుచుకుని ఈదిన చేత్తోనే.

వచ్చింది. నాలుగైదు నిమిషాలు నా వెంట వచ్చింది. కొమ్మ కనపడలేదు. ఈసారి భుజం తట్టలేదు, నా ఎదురుగా వచ్చి ఆగి, రెండు చేతుల బొటనవేళ్ళూ ఎత్తింది. కళ్ళు పెద్దవయ్యాయి. అప్పుడు బయల్దేరాం. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా దిగడానికి. ఎదురెదురుగా తేలుతూ ఆగిన ఆ మూడు నిమిషాల్లో నా వైపు ఒక్కసారీ చూడలేదు.

ఒడ్డుకొచ్చాక నేను మొదలుపెట్టాను. చెవి నొప్పి పుట్టిందా? లేదు. కాలు పట్టేసిందా? లేదు. భయమేసిందా? “ఏమో. వెళ్ళిపోవాలనిపించింది, అంతే.” నా నోటి నుంచి ఆ మాట వచ్చేసింది: “మరి ఏం కాలేదుగా తల్లీ.” అప్పుడే అడిగింది తెలుగులో వద్దు గురించి. కాసేపాగి, “రేపు నీతో బడ్డీగా రానమ్మా” అంది. పెద్దవాళ్ళు పక్కన లేనిదే దిగడానికి లేదు కదా. తనే వెళ్ళి ఇన్‌స్ట్రక్టరుని అడిగి ఏర్పాటు చేసుకుంది.

మరునాడు పొద్దున చిన్నవాడితో కలిసి పసుపు రాయి పక్కన కూర్చుని, నీళ్ళ మీదికి వచ్చి పగిలే బుడగలు చూస్తూ ఉండిపోయాను. ఆ ఇన్‌స్ట్రక్టరు దీవి మనిషే. ఫోనులో కొడుకుతో దీవి భాష పాపియమెంటు మాట్లాడుతుంది, పక్క కుటుంబంతో డచ్చి, సిలిండర్లు నింపే అబ్బాయితో స్పానిష్, మాతో ఇంగ్లీషు. అక్కడి పిల్లలకి ఈ నాలుగూ మామూలేనట. ఆ మాట విన్న రోజు నాకు అసూయ కలిగింది. ఒక్క తెలుగు నిలబెట్టడానికి నేను పడుతున్న పాట్లు గుర్తొచ్చాయి. ఇప్పుడు ఒడ్డున కూర్చుంటే వేరే సంగతి తట్టింది. నా కూతురికి తెలుగు బాగానే వచ్చింది. పుస్తకంలో లేని తెలుగు కూడా, నా దగ్గర్నుంచే వచ్చింది.

మా ఇంట్లో వద్దుకి ఒక లెక్క ఉంది. మొదటి వద్దు మొహమాటం. రెండోది మర్యాద. మూడోది నిజం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి జారవిడిచే పెద్దమ్మల చేతి అన్నం తిని పెరిగాను. ఒక్కసారి అడిగి ఊరుకుంటే, మొక్కుబడికి అడిగారు అని చెప్పుకునేవాళ్ళం. ఆకలిగా ఉన్నా వద్దనడం, వద్దన్నా పెట్టడం: ఆ రెండింటి మధ్య ఎంత ప్రేమ నడిచిందో నాకు తెలుసు. దాన్ని తప్పని ఎవరన్నా ఒప్పుకోను.

కానీ నా పిల్ల ఆ లెక్కలో ఒక్క సగమే చూసింది. ఇంకొక్క ముద్ద. ఇంకొక్క వారం డాన్సు క్లాసు, ఆ తరవాత చూద్దాం. వీడియో కాల్‌లో ముఖం తిప్పేసుకుంటున్నా ఫోను తన ముందు పెట్టి, అత్తకి హలో చెప్పు. ఆరేళ్ళప్పుడు కూర్చోబెట్టి నేర్పాను, నీకు ఇష్టం లేకుండా ఎవరు ముట్టుకున్నా గట్టిగా వద్దని అరవాలని. అదే రాత్రి పెదాలు బిగించుకున్న పిల్లకి గడ్డం పట్టుకుని పెరుగన్నం పెట్టాను. బయటివాళ్ళకి చెప్పాల్సిన వద్దు ఒకటి, అమ్మకి చెప్పే వద్దు ఇంకొకటి అని తనకి ఎవరు చెప్పాలి? నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి ఒకటుందని కూడా అనుకోలేదు.

పిల్లలతో నీళ్ళలోకి దిగే తల్లిదండ్రులకి ఒక్క మాట చెప్పగలను. మొదటి కొన్ని డైవులు వాళ్ళని ఇన్‌స్ట్రక్టరుకి అప్పగించండి. మనకి చేతకాక కాదు; మన కళ్ళకి వాళ్ళు ఎప్పుడూ ‘ఇంకాస్త చెయ్యగల’ పిల్లలు, ఆ కళ్ళు నీళ్ళ కింద పనికిరావు. వేలు ఎత్తితే మీటరు చూడకండి, వెంటనే మీ వేలు ఎత్తండి. ఇంతవరకూ గట్టిగా చెప్పగలను.

ఒడ్డుకొచ్చాక ఏం చెయ్యాలో మాత్రం నాకు అంత తెలియడం లేదు. ఆరేళ్ళప్పుడు ఈత క్లాసుకి వెళ్ళే ప్రతి శనివారం ఏడ్చేది. పూల్ మెట్ల కమ్మీని పట్టుకుని వద్దు వద్దని ఏడ్చిన పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి నీళ్ళలోకి దింపాను. ఆ వద్దు విని ఉంటే ఇవాళ బొనేర్ లేదు. ఆదివారం తెలుగు క్లాసు మానేస్తానని రెండేళ్ళు పేచీ పెట్టింది. నేను వదల్లేదు. నన్ను అంత సూటిగా అడిగిన ఆ ప్రశ్న తెలుగులో వచ్చిందంటే, నేను వినని వద్దుల పుణ్యమే కదా. ఏ వద్దుని దాటించాలో, ఏ వద్దు దగ్గర ఆగాలో అప్పుడు నాకు తెలుసా? తెలియదు. రెండుసార్లూ ఒకే మొండితనం. ఒకసారి మంచి జరిగింది, ఒకసారి కూతురి కళ్ళు పెద్దవయ్యాయి.

తిరిగొచ్చాక మారాలని గట్టిగా అనుకున్నాను. ఒక రాత్రి అన్నం దగ్గర ఇంకొంచెం పప్పు వెయ్యనా అన్నాను. వద్దంది. గరిటె గిన్నెలో పెట్టేసి కూర్చున్నాను. కాసేపు కంచంలో మెతుకులు కెలికి, తల ఎత్తకుండానే, “ఇంకోసారి అడగవా?” అంది. అడిగాను. వేయించుకుంది. తినేసి లేచి వెళ్ళిపోయింది. తను నవ్వలేదు, నేనూ నవ్వలేదు. అది నాకు దొరికిన క్షమాపణో, ఇంకో పరీక్షో అర్థం కాక గిన్నెలు కడుగుతూ చాలాసేపు నిలబడ్డాను.

డైవర్లు ప్రతి డైవుకీ లాగ్‌బుక్కులో ఒక పేజీ రాస్తారు. చోటు, లోతు, ఎన్ని నిమిషాలు, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయి. కింద బడ్డీ సంతకం. బొనేర్‌లో రోజూ సాయంత్రం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని రాసుకుని, పుస్తకాలు మార్చుకుని సంతకాలు పెట్టుకునేవాళ్ళం. తన సంతకంలో ఒక చిన్న చేప తోక ఉంటుంది. ఆ మూడో రోజు రెండో డైవు పేజీ నేను ఆ రాత్రే నింపాను. 14 మీటర్లు, 31 నిమిషాలు. గమనికలు రాసే చోట, మొదటిసారి వేలు ఎత్తినప్పుడు నేను ఆగలేదని రాశాను. పుస్తకం తన మంచం పక్కన పెట్టాను. పొద్దున నా సంచిలో ఉంది. చదివిందో లేదో తెలియదు. సంతకం లేదు.

ఆ పుస్తకం ఇప్పుడు హాల్లో అలమారలో, తన చెయ్యి అందేచోటే ఉంది. అడగాలని రోజూ నోటిదాకా వస్తుంది.