ముఖానికి ఆవిరి: రెండు చుక్కల లెక్క

నవంబరు వానలు తగ్గి చలి మొదలయ్యాక, తిరుపతిలో మా ఇంట్లో వారానికి ఒకసారి వేడినీళ్ళలో ఒకటి రెండు చుక్కల సుగంధ తైలం వేసి ముఖానికి ఆవిరి పట్టుకుంటాను. ఎండాకాలంలో మానేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంటే చెమటకాయలు లేచిన ముఖానికి ఇంకా వేడి తగిలించకూడదు.

ఆవిరికి చర్మరంధ్రాలు తెరుచుకుంటాయని చాలామంది అంటారు. వాటిని తెరిచి మూసే కండరమేదీ లేదు. ముక్కు పక్కన, గడ్డం మీద గట్టిపడిన జిడ్డు వేడికి మెత్తబడుతుంది, చర్మం పైపొర తేమకు నానుతుంది, అంతే. అదంతా వేడినీళ్ళు చేసే పని. నూనె వేసేది వాసన కోసం, ఊపిరి హాయిగా ఆడినట్టు అనిపించడం కోసం. ఈ తేడా తెలియక నాలుగు చుక్కలు ఎక్కువ వేసుకున్నప్పుడే కళ్ళు మండుతాయి, బుగ్గలు కందిపోతాయి.

నూనె కొనేటప్పుడే సగం జాగ్రత్త పడాలి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పూజా సామాన్ల అంగళ్ళలో దొరికే సెంటు నూనెలు దీనికి పనికిరావు. అవి గదిలో వాసనకు, బట్టలకు చేసినవి. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం ఉందో లేదో చూస్తాను: లావెండరైతే లావండులా ఆంగస్టిఫోలియా, టీ ట్రీ (మనం తాగే తేయాకు కాదు, వేరే చెట్టు) అయితే మెలల్యూకా ఆల్టర్నిఫోలియా. ఇంటికొచ్చాక తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి వదిలేస్తాను. ఈ రెండూ మంచివైతే మర్నాటికి ఆరిపోతాయి. జిడ్డు మరక అలాగే నిలిచిందంటే అందులో ఏదో మామూలు నూనె కలిపారన్న మాట. గంధం, వట్టివేరు నూనెలు మాత్రం సహజంగానే చిక్కన, నెమ్మదిగా ఆరతాయి. వాటికి ఈ పరీక్ష పెట్టకూడదు.

మన వైపు ఇంకో పొరపాటు ఉంది. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం వేరు, శ్రీగంధం వేరు. ఎర్రచందనం చెక్కకు రంగే గానీ గంధపు వాసన లేదు. ఎర్రచందనం సుగంధ తైలం అని ఎవరైనా సీసా చేతిలో పెడితే తీసుకోకండి. అసలైన శ్రీగంధం నూనె కూడా ఆవిరికి దండగ. అది తొందరగా ఆవిరి కాదు, ఖరీదైన చుక్క నీళ్ళమీద అలాగే తేలుతూ ఉండిపోతుంది.

కొత్త నూనె ఏదైనా ముందు చేతిమీద చూసుకోవాలి. ఒక టీ స్పూను కొబ్బరినూనెలో ఒక్క చుక్క కలిపి మోచేతి మడతలో రాసి, రెండు రోజులు ఆగుతాను. దురద, ఎరుపు కనబడితే ఆ సీసా ముఖం దగ్గరికి తేను.

ఇక పని. ముఖం సున్నితంగా కడుక్కుంటాను. ఆ రోజు సున్నిపిండి రుద్దను. కాటుక తుడిచేసి, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేసి, జుట్టు పైకి ముడేసుకోవాలి. లీటరు నీళ్ళు తెర్లనిచ్చి, వెడల్పాటి స్టీలు బేసిన్లో పోస్తాను. పొయ్యి మీదున్న గిన్నె మీదికి ఎప్పుడూ వంగకండి. బేసిను కింద తడిగుడ్డ మడిచి వేస్తే జారదు. పిల్లలు తిరుగుతుంటే తలుపు గడియ వేస్తాను. తువ్వాలు లాగారంటే లీటరు వేడినీళ్ళు ఒళ్ళో పడతాయి.

రెండు నిమిషాలు ఆగాకే నూనె వెయ్యాలి. మరిగేటప్పుడే వేస్తే వాసనంతా వంటింట్లోనే పోతుంది. లావెండరైతే రెండు చుక్కలు, టీ ట్రీ గానీ నీలగిరి తైలం గానీ అయితే ఒక్కటే. మూడూ కలపొద్దు. సీసా నేరుగా బేసిన్లోకి వంచితే ఒక్కోసారి గబుక్కున నాలుగైదు పడతాయి, అందుకే ముందు స్పూనులోకి వేసుకుంటాను. నూనె నీళ్ళలో కరగదు, పైన తేలుతుంది. మొదటి అరనిమిషం ఘాటు ఎక్కువగా లేచేది అందుకే. ఆ అరనిమిషం పక్కకు తిరిగి కూర్చుంటాను.

తర్వాత కళ్ళు మూసుకుని, పలచటి నూలు తువ్వాలు తలమీదుగా కప్పుకుని వంగుతాను. నీళ్ళకూ ముఖానికీ జానెడున్నర ఎడం. ముందు ముంజేతి లోపలి వైపు అదే ఎత్తులో పెట్టి చూస్తాను. పది లెక్కపెట్టేలోగా చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపిస్తే ఇంకా వేడి ఎక్కువున్నట్టే. నిమిషానికోసారి తువ్వాలు ఎత్తి మామూలు గాలి పీల్చాలి. జిడ్డు చర్మానికి ఐదు నిమిషాలు, పొడి చర్మానికి మూడు చాలు. చల్లారాక నీళ్ళు మళ్ళీ కాచుకుని కూర్చోవడం అనవసరం.

కరెంటు వేపరైజరుంటే నూనె దాని నీళ్ళ తొట్టిలో వెయ్యకండి, ప్లాస్టిక్కు పాడవుతుంది. దూదిమీద చుక్క వేసి పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. ప్లగ్గు తీయకుండా ఆ నీళ్ళలో వేలు పెట్టకూడదు.

అసలు ఫలితం తర్వాతి పది నిమిషాల్లో ఉంది, అందరూ తొందరపడేదీ అక్కడే. ముఖం తుడవద్దు, అద్దండి. మెత్తబడ్డ నల్లచుక్కల మీద తడిదూదితో మెల్లగా ఒత్తితే వచ్చినంత వస్తుంది, రానిది వచ్చే వారం. గోరు పెడితే అక్కడ మచ్చ మిగులుతుంది. గోరువెచ్చని నీళ్ళు చల్లుకుని, తడి ఆరకముందే మాయిశ్చరైజరు రాయాలి. రాయకపోతే నానిన పైపొర ఎండి, గంటకల్లా చర్మం బిగుసుకుపోతుంది. ఆ రోజంతా స్క్రబ్బు గానీ, రెటినాల్, ఆసిడ్ సీరమ్‌ల లాంటి ఘాటైన పూత మందులు గానీ వద్దు. ఎండలోకి పోవాల్సిన పని పెట్టుకోకుండా సాయంత్రమే చేస్తాను.

పక్కింటి చెల్లెలు ఒకరు అడిగారు: "అక్కా, పసుపేసుకోవచ్చా?" వేసుకోవచ్చమ్మా, కానీ ఆ పసుపురంగు పదార్థం ఆవిరితో పైకి రాదు, బేసిను మాత్రం పచ్చబడుతుంది. గుప్పెడు తులసాకులు నయం.

ఉబ్బసం ఉన్నవాళ్ళు నూనె పూర్తిగా మానేయాలి. ముఖం ఎప్పుడూ ఎర్రబారేవాళ్ళు, తామర (ఎగ్జిమా), చీము మొటిమలు ఉన్నవాళ్ళు ఆవిరే పట్టకూడదు. గర్భిణులు డాక్టరునడిగి చేసుకోవాలి. చిన్నపిల్లలకు నీలగిరి తైలం, కర్పూరం రెండూ ప్రమాదమే, జలుబుకైనా సరే. కొండమీద గుండు చేయించుకుని వచ్చినవాళ్ళు కత్తిగాట్లు మానేదాకా ఆగాలి, తువ్వాలు కింద ఆ ఘాటుకు తల చురుక్కుమంటుంది.

మిగిలిన నీళ్ళు పెరట్లో మొక్కలకు పోయను, తూములో పారబోస్తాను. ఇంట్లో పిల్లి తిరుగుతుంటే అప్పటికప్పుడే పారబోయాలి, టీ ట్రీ దానికి విషం. బేసిను సబ్బుతో కడుగుతాను, లేకపోతే మర్నాడు అందులో నానబెట్టిన బియ్యానికి ఆ వాసన పడుతుంది. సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, దానిమీద తెరిచిన తేదీ రాస్తాను. గాలి తగిలి పాతబడిన టీ ట్రీయే ఎక్కువగా దద్దుర్లు తెస్తుంది. ఏడాది దాటిన సీసా నిండుగా ఉన్నా ఇక ముఖానికి వాడను.