రంగు చూసి సీసా కొనేవాళ్ళకి

రెడ్డా, వైటా అన్నది తేల్చుకుంటే వైన్ సంగతి సగం తేలిపోయినట్టే అనుకుంటారు చాలామంది. రమ్ము దగ్గరా అదే లెక్క. నల్లదైతే ఘాటు, తెల్లదైతే తేలిక. నేను ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఒక బాటిల్ షాపులో, అంటే మందు కొట్టులో పనిచేస్తాను. శుక్రవారం సాయంత్రాలు మనవాళ్ళు బాగానే వస్తారు. కౌంటర్లో తెలుగమ్మాయి కనపడేసరికి కొందరు సోడాల వైపు తిరిగి కాసేపు లేబుళ్ళు చదివి, ఆనక మెల్లగా "అక్కా, రెడ్‌లో ఏది బాగుంటది?" అంటారు. వాళ్ళకి విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ముందు ఆ రంగు గొడవ వదిలేయండి.

ఒక నల్లద్రాక్ష పండు తొక్క ఒలిచి చూడండి. లోపల గుజ్జు లేత ఆకుపచ్చగా ఉంటుంది. పిండితే వచ్చే రసానికీ పెద్దగా రంగుండదు. వైన్‌కి వాడే ద్రాక్షా అంతే (అలికాంటే బూషే లాంటి కొన్ని రకాలకి గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది, వాటి సంగతి వేరు). ఎరుపంతా తొక్కదే. తొక్కలతో సహా రోజుల తరబడి పులియబెడితే రెడ్ వైన్. కొన్ని గంటలు మాత్రమే నాననిచ్చి తొక్కలు తీసేస్తే గులాబి రంగు రోజే. కోసిన వెంటనే మెల్లగా పిండి, తొక్కలు అవతల పడేస్తే నల్లద్రాక్షతోనూ వైట్ తయారవుతుంది. షాంపేన్‌కి ముఖ్యంగా వాడేవి మూడు రకాలైతే, పినో న్వార్, మ్యూనియే అనే రెండూ నల్లద్రాక్షలే. మూడోది షార్డొనే. అటు తెల్లద్రాక్షని తొక్కలతో పులియబెట్టారనుకోండి, నారింజ రంగు దిగుతుంది. జార్జియా దేశంలో భూమిలో పాతిన పెద్ద మట్టి కుండల్లో ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే.

కాబట్టి రంగు కంటే ద్రాక్ష పేరు చూడండి. ఆస్ట్రేలియాలో సీసా మీద ఒక్క ద్రాక్ష పేరే వేశారంటే అందులో కనీసం 85 శాతం ఆ ద్రాక్షే ఉండాలని చట్టం. ఇవి మనం తినే ద్రాక్షల్లా ఉండవు. పండు చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. తొక్కలోంచీ గింజల్లోంచీ దిగేదే నాలుకని పట్టేసే ఆ వగరు. పినో న్వార్‌కి తొక్క పల్చన, వగరూ తక్కువే. కాబర్నే సోవిన్యోన్‌కి తొక్క మందం, ఆ పట్టు గట్టిగా తెలుస్తుంది.

కాబర్నే పుట్టుక చెబితే షాపులో ఎవరూ నమ్మరు. ఇంత నల్లటి ద్రాక్షకి తల్లిదండ్రుల్లో ఒకటి తెల్లది. 1997లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు డీఎన్ఏ పరీక్షలతో తేల్చారు, కాబర్నే ఫ్రాంక్ అనే నల్లదానికీ సోవిన్యోన్ బ్లాంక్ అనే తెల్లదానికీ పుట్టిన సంకరం ఇదని. ఎవరూ పనిగట్టుకుని కలపలేదు, తోటలో దానంతట అదే కలిసింది. షిరాజ్ కథా అలాంటిదే. దుర్యేజా అనే నల్లద్రాక్షకీ మోండ్యూజ్ బ్లాంష్ అనే తెల్లదానికీ పుట్టింది. ఇరాన్‌లోని షిరాజ్ ఊరి నుంచి వచ్చిందని చెప్పుకునే కథ దాంతో పోయింది. ఫ్రాన్స్‌లో సిరా అనేదీ ఇదే.

షిరాజ్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మా ఊరి నుంచి కారులో గంట పైచిలుకు వెళ్తే బరోసా అనే ద్రాక్షతోటల లోయ వస్తుంది. 1843లో నాటిన షిరాజ్ తీగలు అక్కడ ఇంకా కాస్తున్నాయి. నడుములావు మొద్దులు, నల్లగా మెలితిరిగి, వాటి మీద కాసిని గుత్తులు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా అనే చిన్న పురుగు యూరప్ తోటల్ని వేళ్ళతో సహా తినేసింది. అది దక్షిణ ఆస్ట్రేలియాలో ఇప్పటిదాకా అడుగుపెట్టలేదు. అందుకే ఇక్కడ తోటల గేట్ల దగ్గర "లోపలికి రావద్దు" అని బోర్డులుంటాయి. ఫొటో కోసం వరుసల మధ్యకి దిగిపోయే మనవాళ్ళకి ఒక మనవి: అది డాబు కోసం పెట్టిన బోర్డు కాదు, బూటుకంటిన మట్టిలో ఆ పురుగు వస్తుందన్న భయం.

కొన్ని షిరాజ్‌లలో మిరియాల వాసన గుప్పున కొడుతుంది. ఎవరో వర్ణించడానికి పుట్టించిన మాట కాదు. మిరియాలకి ఆ వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే ఈ ద్రాక్ష తొక్కలోనూ ఉందని 2008లో మా అడిలైడ్‌లోని వైన్ పరిశోధన సంస్థ వాళ్ళు బయటపెట్టారు. చలి ప్రాంతాల్లో, ఉదాహరణకి విక్టోరియాలోని గ్రాంపియన్స్‌లో, ఇది ఎక్కువ. బరోసా ఎండకి మాత్రం పండిన ప్లమ్, చాక్లెట్ వాసనలు ముందుకొస్తాయి. తమాషా ఏమిటంటే దాదాపు ఐదుగురిలో ఒకరికి రోటండోన్ వాసన అసలు తెలియదు. మొగుడూ పెళ్ళాం ఒకే గ్లాసు వాసన చూసి పోట్లాడుకుంటే ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

వైట్‌లో నా ఓటు రీస్లింగ్‌కి. క్లేర్, ఈడెన్ లోయల రీస్లింగ్‌లో తీపి ఉండదు, నిమ్మ పులుపు ఉంటుంది. చేపల పులుసుతో కాబర్నే తాగితే చింతపండు, కారం, వగరు మూడూ కలిసి నోరు పాడవుతుంది. రీస్లింగ్ అయితే సర్దుకుపోతుంది. ఒకటే చిక్కు, వయసొచ్చిన రీస్లింగ్ కిరసనాయిలు వాసనేస్తుంది. పాడైందని తెచ్చి వెనక్కిచ్చినవాళ్ళున్నారు. పాడవలేదు, దాని గుణమే అంత. షార్డొనేలో వెన్న వాసన వస్తే అది ద్రాక్షది కాదు, పులియబెట్టిన పద్ధతిది. తీపే కావాలంటే మొస్కాటో తీసుకోండి, ఆల్కహాలూ తక్కువ, గొడవ లేదు.

ఇక రమ్ము. ఇక్కడ రంగు ఇంకా పెద్ద మాయ. ఏ రమ్మైనా బట్టీలోంచి దిగేటప్పుడు నీళ్ళలా తెల్లగానే ఉంటుంది. రంగు తర్వాత పీపా నుంచి రావాలి, లేదా మాడ్చిన చక్కెరతో చేసే కారమెల్ కలపాలి. నల్లరమ్ముల్లో ఆ నలుపు చాలావరకు కారమెల్‌దే. మరోవైపు బకార్డీ వైట్‌ని పీపాల్లో ఉంచి, తర్వాత బొగ్గుతో వడగట్టి రంగు తీసేస్తారు. అంటే నల్లగా ఉన్నదానికి వయసు లేకపోవచ్చు, తెల్లగా ఉన్నదానికి ఉండొచ్చు.

అసలు అడగాల్సింది దేనితో చేశారు, ఎలా కాచారు అని. మాది అనకాపల్లి వైపు. చెరకు రసం బండి దగ్గర వచ్చే పచ్చి వాసన ఒకటి, బెల్లం పెనం మీద పాకం ముదిరేటప్పుడు వచ్చే వాసన ఇంకొకటి. రమ్ములో రెండు పెద్ద వర్గాలకి ఉన్న తేడా సరిగ్గా ఇదే. ఎక్కువ రమ్ములు మొలాసిస్‌తో, అంటే పంచదార తీసేశాక మిగిలిన నల్లటి మడ్డితో చేస్తారు. మార్టినిక్ దీవిలో మాత్రం పచ్చి చెరకు రసాన్నే పులియబెడతారు. రమ్ అగ్రికోల్ అంటే అది. దానికి 1996 నుంచి ఫ్రెంచి ప్రభుత్వపు ఏఓసీ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానిదే అన్న ముద్ర ఉంది. మూత తీస్తే గడ్డి కోసిన వాసన. నిమ్మకాయ, కాస్త చక్కెర పాకం చాలు, కోక్ కలపడం దండగ.

జమైకాది ఇంకో తిక్క. అక్కడ కొన్ని చోట్ల ఊటని వారాల తరబడి వదిలేస్తారు, పాత బట్టీ అడుగున మిగిలినదాన్నీ కొత్త ఊటలో కలుపుతారు. వాసన చూస్తే మగ్గిన అరటిపండు, అనాస, కాస్త వార్నిష్. రే అండ్ నెఫ్యూ వైట్ ఓవర్‌ప్రూఫ్ చూడ్డానికి మంచినీళ్ళు, ఆల్కహాలు 63 శాతం. "తెల్లది కదా, తేలిగ్గా ఉంటది" అని ఎవరైనా దాన్ని కౌంటర్ మీద పెడితే శాతం చదివించకుండా బిల్లు కొట్టను. గయానాలో డెమెరారా నది ఒడ్డున చెక్కతో చేసిన పాత బట్టీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ రమ్ము బరువుగా ఉంటుంది. క్యూబా, ప్వెర్టో రికోలవి పొడుగాటి కాలమ్‌లలో కాచినవి, వాసన పల్చన, కాక్‌టెయిల్స్‌కి హాయి. బార్బడోస్ వాళ్ళు కుండలాంటి బట్టీలో కాచినదాన్నీ, కాలమ్‌లో కాచినదాన్నీ కలుపుతారు.

ఆస్ట్రేలియాలో తయారైన రమ్ము కనీసం రెండేళ్ళు చెక్క పీపాలో ఉంటే తప్ప రమ్మని పేరు పెట్టనివ్వరు. అందుకే ఇక్కడి చిన్న కంపెనీల తెల్ల సీసాల మీద రమ్ అని కాకుండా కేన్ స్పిరిట్ అని కనిపిస్తుంది. క్వీన్స్‌లాండ్ వాళ్ళ బండబర్గ్ 1888 నాటిది, మొలాసిస్‌దే. కోక్‌తో తప్ప ఎలా తాగాలో నాకు తెలియలేదు.

ఓల్డ్ మంక్ గురించి రాయకపోతే మా తమ్ముడు ఫోన్ చేసి తిడతాడు. 1954 నుంచి ఉన్న మొలాసిస్ రమ్ము, తీపి, వెనిలా వాసన. జలుబు చేసినప్పుడు వేడినీళ్ళలో నాకూ అదే ఇష్టం. కానీ రమ్మంటే ఇదేనని తీర్మానించుకున్నవాళ్ళు ఒకసారి దాని పక్కన గయానా వాళ్ళ ఎల్ డొరాడో రమ్ము పెట్టుకుని, రెండూ ఏమీ కలపకుండా చెంచాడు చెంచాడు చప్పరించి చూడండి. రంగు రెండిటికీ దాదాపు ఒకటే.