బరువైన ఎలక్ట్రిక్ సైకిల్‌కు ఇంటి స్టాండు

గత వేసవిలో మా ఎలక్ట్రిక్ సైకిల్ వెనుక టైరులో మేకు దిగింది. మా అమ్మాయిని బడికి దింపడానికి వాడే కార్గో సైకిల్ అది. డాలస్ శివారులోని మా ఇంటి గరాజ్‌లో, నా మామూలు సైకిల్ కోసం ఎప్పుడో కొన్న మరమ్మతు స్టాండుకే దాన్ని ఎత్తి తగిలించాను. వెనుక చక్రం ఊడి చేతిలోకి వచ్చిన క్షణంలో సైకిల్‌ను పట్టి ఉంచే స్టాండు దవడ, అంటే క్లాంపు, జారి, సైకిల్ ముందు భాగం ఒక్కసారిగా నేలకు కొట్టుకుంది. బ్రేకు లివరు వంగింది. అమ్మాయి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సైకిల్ బరువు స్టాండు మోయగల పరిమితికి లోబడే ఉన్నప్పుడు క్లాంపు ఎందుకు జారిందో తెలుసుకోవాలనిపించింది. మరునాడు బ్యాటరీ తీసేసి, ఒక్కొక్క చక్రాన్నీ ఇంట్లోని తూకంపై నిలిపి, రెండో చక్రం కింద అంతే ఎత్తు చెక్క పెట్టి తూచాను. వెనుక 18 కిలోలు, ముందు 14, మొత్తం 32. రెండు ఇరుసుల మధ్య దూరం 120 సెంటీమీటర్లు కనుక, గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, వెనుక ఇరుసుకు సుమారు 52 సెంటీమీటర్ల ముందు ఉన్నట్టు. క్లాంపు పట్టే సీటు రాడ్డు మాత్రం వెనుక ఇరుసుకు 22 సెంటీమీటర్ల ముందే ఉంది. అంటే 32 కిలోల బరువు క్లాంపుకు 30 సెంటీమీటర్ల అవతల వేలాడుతూ దాన్ని మెలిపెడుతోంది. చక్రం మధ్యలోనే ఉండే హబ్ మోటారుతో కలిపి 7 కిలోలు ఉండే వెనుక చక్రాన్ని తీస్తే మిగిలేది 25 కిలోలే అయినా, ఆ బరువు క్లాంపు నుంచి 45 సెంటీమీటర్ల దూరానికి జరుగుతుంది. బరువు తగ్గింది, మెలి పెరిగింది. పెట్టె మీద ముద్రించిన కిలోల అంకె ఈ సంగతి చెప్పదు.

అందుకే కొత్త స్టాండు కోసం వెతికినప్పుడు ఆ అంకెను ఒక కనీస అర్హతగానే చూశాను. నేను చూసిన ఇంటివాడకపు స్టాండ్లలో చాలావాటి పరిమితి 30, 40 కిలోల మధ్యే ఉంది. పార్క్ టూల్ అనే పనిముట్ల కంపెనీ వారి పీఆర్ఎస్-33 స్టాండు వంటివి 54 కిలోల వరకు మోటారుతో పైకెత్తుతాయి కాని, అవి దుకాణాల కోసం చేసినవి. నేను ముందుగా చూసింది క్లాంపు ఎంత కిందికి దిగుతుందన్నది. అమ్మేవారందరూ గరిష్ఠ ఎత్తు గురించే చెబుతారు. చక్రాలు నేల మీద ఉండగానే సీటు రాడ్డు అందేంత కిందికి క్లాంపు దిగితే, 32 కిలోలను ఛాతీ దాకా ఎత్తి, ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో మర బిగించే అవస్థ ఉండదు. నడుము నొప్పి ఉన్నవారికి ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

తర్వాత చూసింది క్లాంపు. పిడి తిప్పుతూ మర బిగించే రకం, వెడల్పాటి రబ్బరు దవడలు ఉన్నది తీసుకున్నాను. దాన్ని ఫ్రేము గొట్టానికి ఎన్నడూ పెట్టకూడదు. సీటు రాడ్డుకే పెట్టాలి, ఆ రాడ్డుకు గ్రీజు మరక లేకుండా తుడవాలి. ఇక కాళ్లు ఎంత విశాలంగా పరుచుకుంటే అంత మేలు.

తెనాలిలో మా వీధి సైకిల్ షాపాయన సైకిల్‌ను తలకిందులుగా సీటు మీద నిలబెట్టి పంక్చరు వేసేవాడు. స్టాండు ఎందుకని మా నాన్నగారు ఫోనులో అడిగింది అందుకే. కాని ఈ బండిని అలా తిప్పితే హ్యాండిల్ మీది డిస్‌ప్లేపై బరువంతా పడుతుంది. హైడ్రాలిక్ బ్రేకు ఆయిల్ తొట్టిలోని గాలి గొట్టంలోకి చేరి బ్రేకు మెత్తబడే అవకాశమూ ఉంది.

ఇప్పుడు వెనుక చక్రాన్ని నాలుగంగుళాలు మాత్రమే పైకి లేపి, ముందు చక్రం కింద చెక్క దిమ్మె పెడుతున్నాను. ముందు బరువును ఆ దిమ్మే మోస్తుంది కనుక క్లాంపు మీద మెలి దాదాపు ఉండదు. పీట వేసుకుని కూర్చుని, మోటారు వైరు కనెక్టరు విప్పి, 18 మిల్లీమీటర్ల నట్లకు స్పానరు పెట్టేముందు హ్యాండిల్‌ను రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి చూస్తాను. అమ్మాయి గరాజ్ గుమ్మం దగ్గర గీసిన సుద్దగీత అవతలే ఉంటుంది.