ముంబయిలో నలుగురి భోజనం: తక్కువ ఖర్చులో మంచి తిండి వెతుక్కున్న నా అనుభవం

ముంబయి ప్రయాణానికి లెక్క వేసుకునేటప్పుడు రైలు టికెట్ల ధర, గది అద్దె ముందే తేలిపోతాయి. చివరి వరకూ అంచనాకు అందనిది తిండి ఖర్చే. మేము నలుగురం బయలుదేరాం. మా అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి, మాంసాహారం మానేసి చాలా ఏళ్లయింది. రోజుకు ఒక్క పూటైనా అన్నం, చారు, మజ్జిగ లేకపోతే ఆమెకు తిన్నట్టే ఉండదు. కాలేజీలో చదువుతున్న మా అబ్బాయికి చేపలంటే ఇష్టం, ఆకలి కూడా ఎక్కువ. నాకూ మా ఆవిడకూ ఏదైనా సరిపోతుంది. కొలాబా, బాంద్రా ప్రాంతాల్లో పర్యాటకులను దృష్టిలో పెట్టుకుని నడిచే రెస్టారెంట్లలో ఇలాంటి నలుగురు రెండు పూటలా భోంచేస్తే ఆ రోజు తిండి ఖర్చు గది అద్దెను మించిపోవచ్చు. అలాగని రోజంతా వడాపావ్‌తో గడపడం పెద్దావిడతో కుదిరే పని కాదు. శుభ్రంగా ఉండాలి, కూర్చుని తినగలగాలి, ఆ ఊరి రుచి తెలియాలి, ధర మా స్థోమతు దాటకూడదు. ఈ నాలుగూ కలిసే చోట్లు ముంబయిలో చాలానే ఉన్నాయని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన సలహా వర్లీలో పుట్టి పెరిగిన మా బావ ఇచ్చాడు. వాళ్ల తాతగారు కరీంనగర్ వైపు నుంచి బట్టల మిల్లులో పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఫోన్‌లో నా ప్రశ్నలన్నీ ఓపికగా విని, "బావా, రేటింగులు పట్టుకుని వెతక్కు. ఏ పేటలో ఎవరు పని చేస్తారో, వాళ్లు మధ్యాహ్నం ఎక్కడ తింటారో కనుక్కో. వాళ్లు రోజూ తినే చోట ధర పెరగదు, రుచి తగ్గదు" అన్నాడు. ఆ నగరపు చరిత్ర తెలిసిన వారికి ఈ మాటలో ఎంత నిజముందో అర్థమవుతుంది. ఇళ్లూ వాకిళ్లూ ఊళ్లలో వదిలి ఒంటరిగా వచ్చిన మగవాళ్లతో నిండిన నగరం అది. కొంకణ్ నుంచి, కనుమలకు తూర్పున ఉన్న దేశ్ ప్రాంతం నుంచి, మన తెలంగాణ నుంచి వచ్చిన మిల్లు కార్మికులు ఇరుకు గదుల్లో పదేసి మంది ఉండేవారు. వారికి నెలవారీ లెక్కన వండిపెట్టిన ఆడవాళ్ల ఇళ్లే ఖానావళ్లు. అలా వండే స్త్రీలు వడ్డీ వ్యాపారుల చేతుల్లో నలగకుండా బ్యాంకు రుణాలు ఇప్పించడానికి 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణా మహిళా మండల్ స్థాపించారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి గానీ, పని చేసుకునే మనిషికి ఇంటి తిండి అందుబాటు ధరలో పెట్టాలనే పద్ధతి మాత్రం ఆ నగరంలో పోలేదు. ఉడుపి బోర్డింగులు, గోవా, మాల్వణ్, మంగుళూరు వారి లంచ్ హోమ్‌లు, ఇరానీ కేఫ్‌లు వేరువేరు సమాజాలు నిలబెట్టినవే అయినా అన్నీ ఆ అవసరంలోంచే పెరిగాయి. కాబట్టి నేను రెస్టారెంట్ల పేర్లు పోగుచేయడం మానేసి, మేము చూడదలచుకున్న ప్రదేశాలకు దగ్గరలో ఏ రకం భోజనశాలలున్నాయో రాసుకోవడం మొదలుపెట్టాను.

మొదట తేల్చుకోవలసింది బస. దాదర్‌లో గది తీసుకున్నాం. పశ్చిమ, మధ్య రైల్వే లోకల్ మార్గాలు రెండూ అక్కడ కలుస్తాయి. సెకండ్ క్లాస్ టికెట్టు 5 రూపాయల నుంచి మొదలవుతుంది కాబట్టి తిండి కోసం రెండు మూడు స్టేషన్లు ప్రయాణించినా ఖర్చు లెక్కలోకి రాదు. ఉదయం నగరం దక్షిణ దిక్కుకు, సాయంత్రం ఉత్తర దిక్కుకు వెళ్లే బండ్లలో అమ్మతో ఎక్కడం అసాధ్యం; అందువల్ల ఆ వేళల్లో దాదర్ చుట్టుపక్కలే ఉండేలా చూసుకున్నాం. గది మాట్లాడేటప్పుడు ఉదయపు టిఫిన్ కలిపిన ధర వద్దని, గది మాత్రమే ఇమ్మని అడిగాను. దాదర్‌లో ఉండి లాడ్జిలో బ్రెడ్డు, జాము తినడం నా దృష్టిలో డబ్బుకూ ఆకలికీ రెండింటికీ నష్టం.

ఎందుకంటే దాదర్ మహారాష్ట్రీయుల మధ్యతరగతి పేట; ఉదయం టిఫిన్‌కు అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. స్టేషన్‌కు పడమటి వైపున 1910లో మొదలైన మామా కాణే ఉంది. అక్కడి బటాటా వడ పెద్ద పేరున్నది. శివాజీ పార్క్ దగ్గరి ప్రకాశ్‌లో సాబుదానా వడ, చిక్కటి పీయూష్ తీసుకున్నాం. పెరుగు, మజ్జిగ తీపితో కలిసిన ఆ పానీయం అమ్మకు బాగా నచ్చింది. మొలకల మసాలా కూరతో పెట్టే మిసళ్ మాత్రం ఆమెకు కారం ఎక్కువవుతుందేమోనని అటుకులతో చేసే పోహా, పలు రకాల పిండ్లు కలిపి చేసే రొట్టె థాలీపీఠ్ చెప్పాం. థాలీపీఠ్ పక్కన పెట్టిన వెన్న చూసి మా ఊళ్లో సర్వపిండి గుర్తుకొచ్చిందని అమ్మ అన్నది. ఇలాంటి చోట్ల పదార్థాలు చిన్న పరిమాణంలో, ఒక్కొక్కటిగా ధర వేసి ఉంటాయి. నలుగురం నాలుగు రకాలు చెప్పి పంచుకుంటే ఊరి రుచులన్నీ తెలుస్తాయి, బిల్లు కూడా హద్దులో ఉంటుంది. అదే స్టేషన్ బయట 1966లో అశోక్ వైద్య వడాపావ్ అమ్మకం మొదలుపెట్టారని చెబుతారు; సాయంత్రం ఆకలికి మేము దానినే నమ్ముకున్నాం.

అమ్మకు అన్నం కావలసిన పూట మాటుంగా వెళ్లాం. నా అభిప్రాయంలో ముంబయికి వచ్చే తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవలసిన పేట అది. దక్షిణాది వారు స్థిరపడిన చోటు కావడంతో ఫిల్టర్ కాఫీ, అరటాకులు, పూలమాలలు, దేవాలయాలు అన్నీ కనిపిస్తాయి. అయితే స్టేషన్ విషయంలో జాగ్రత్త అవసరం. మధ్య రైల్వే మార్గంలోని మాటుంగా స్టేషన్‌లో దిగాలి. పశ్చిమ మార్గంలోని మాటుంగా రోడ్ వేరు, అక్కడి నుంచి చాలా దూరం నడవాలి. మాటుంగా స్టేషన్‌కు దగ్గరలోనే 1942లో ఎ. రామా నాయక్ స్థాపించిన ఉడుపి శ్రీకృష్ణ బోర్డింగ్ ఉంది. భోజనశాల మొదటి అంతస్తులో ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులున్నవారు మెట్ల సంగతి ముందే ఆలోచించుకోవాలి. అమ్మ రెయిలింగు పట్టుకుని మెల్లగా ఎక్కింది. కూపన్ తీసుకుని వంతు కోసం వేచి ఉండాలి. అందుకే మధ్యాహ్నం రద్దీ మొదలుకాక ముందే వెళ్లాం.

ఇక్కడ డబ్బుకు సంబంధించిన ముఖ్యమైన విషయం ఒకటుంది. ముంబయి భోజనశాలల్లో పరిమితంగా వడ్డించే భోజనం, అడిగినంత వడ్డించే భోజనం విడివిడిగా దొరుకుతాయి. మన దగ్గర ప్లేట్ మీల్స్, ఫుల్ మీల్స్ ఉన్నట్టే. బోర్డుల మీద వీటినే లిమిటెడ్, అన్‌లిమిటెడ్ అని రాస్తారు. సాధారణ ఉడుపి హోటళ్లలోనైతే రైస్ ప్లేట్ అంటారు. అన్‌లిమిటెడ్ భోజనాన్ని ఇద్దరు పంచుకోనివ్వరు, అది న్యాయమే. కనుక నలుగురికీ ఒకే రకం చెప్పకుండా అమ్మకు, మా ఆవిడకు పరిమిత భోజనం, అబ్బాయికి అడిగినంత పెట్టే భోజనం తీసుకున్నాం. రసం, సాంబారు, కూరలు, మజ్జిగ అన్నీ తాజాగా ఉన్నాయి. వడ్డించేవారు అమ్మ దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చి ఇంకేం కావాలని మర్యాదగా అడిగారు. అక్కడికి కాస్త దూరంలో, కింగ్స్ సర్కిల్ వైపు, 1940 నాటి కేఫ్ మద్రాస్‌లో టిఫిన్లు బాగుంటాయి. ఆదివారం ఉదయం ఫుట్‌పాత్ మీద పేరు రాయించుకుని నిలబడేవారు చాలామంది ఉంటారు. వృద్ధులతో వెళ్లేవారికి పనిదినమే మేలు.

ఫోర్ట్ ప్రాంతానికి మాత్రం ఆదివారం అసలు వెళ్లకూడదు, భోజనం దృష్ట్యా చెబుతున్నాను. ఆఫీసులు మూసి ఉంటే వాటిని నమ్ముకున్న చిన్న భోజనశాలలూ చాలావరకు మూసే ఉంటాయి. పనిదినాల్లో ఒంటి గంట నుంచి రెండు వరకు కుర్చీ దొరకదు. పన్నెండు గంటలకో, రెండు దాటాకో వెళితే అదే భోజనం ప్రశాంతంగా తినవచ్చు. ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్‌కు ఎదురుగా ఉన్న వీధుల్లో పంచమ్ పూరీవాలా అనే పాత హోటల్‌లో పూరీ, ఆలూ కూర తిన్నాం. చాలా చిన్న చోటు, తెలియనివారితో బల్ల పంచుకోవాలి. ఆ నగరంలో అది మామూలే, ఎవరూ ఇబ్బందిగా చూడరు. మెట్రో సినిమా దగ్గరి క్యానీ, 1904లో తెరిచిన ఇరానీ కేఫ్. నలుగురికి టీ, బన్ మస్కాతో అక్కడ గడిపిన సమయానికి అయిన ఖర్చు చాలా తక్కువ. హైదరాబాద్ ఇరానీ చాయ్ లాగే ఉంటుందని ఊహించి వెళ్లకుండా దాని రుచిని దానిగా చూస్తే ఎక్కువ ఆనందిస్తారు. బల్లార్డ్ ఎస్టేట్‌లోని బ్రిటానియా, 1923 నుంచి ఉన్నది, వీటి వరుసలో ఖరీదైనది; అయినా బెర్రీ పులావ్ కోసం ఒక మధ్యాహ్నం కేటాయించాం. ఇరాన్ నుంచి వచ్చే ఆ పుల్లటి ఎండు పళ్ల రుచి మరెక్కడా తేలిగ్గా దొరకదు. మిగిలిన పూటల్లో పొదుపు చేసింది ఇలాంటి భోజనానికే అని నేను భావిస్తాను.

మా అబ్బాయి కోరిన చేపల భోజనానికి మాల్వణీ, గోమంతక్ (అంటే గోవా వంటల) హోటళ్లు చూశాం. అక్కడ థాలీ ధర చేపను బట్టి మారుతుంది, ఇది ముందే తెలిసి ఉండాలి. బాంగడా అంటే మన కానగంత, అది చవక. సురమై అంటే వంజరం, పాప్లెట్ అంటే చందువ, ఈ రెండూ ఖరీదు. అన్నం, చపాతీ లేదా భాకరీ అనే మందపాటి రొట్టె, పులుసు, కోకమ్, కొబ్బరి పాలతో చేసే గులాబీ రంగు పానీయం సోల్‌కఢీ మాత్రం ఏ థాలీలోనైనా అవే. బాంగడా థాలీ చెప్పి, ఒక్క సురమై వేపుడు ముక్క విడిగా తీసుకుంటే రెండు రుచులూ దక్కాయి. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు యంత్రపు పడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపల కోసమే వెళ్లేవారు ఆ రెండు నెలలూ తప్పించుకోవడం మంచిది.

ఫోన్‌లో వెతకడానికి నేను పాటించిన పద్ధతి కూడా చెప్పాలి. మ్యాప్‌లో నక్షత్రాల సంఖ్య చూడలేదు. కొత్త సమీక్షలు ముందు వచ్చేలా పెట్టుకుని, వచ్చినవారు తీసిన మెనూ ఫోటోలు చూసి ధరలు అంచనా వేసుకున్నాను. ఫోటో తీసిన తేదీ పాతదైతే ఆ ధరను నమ్మలేదు. వారపు సెలవు ఏ రోజో ఫోన్ చేసి అడిగాను. ఇంటికి తెచ్చే యాప్‌లలో కనిపించే ధరలు తరచుగా హోటల్‌లో కూర్చుని తినే ధరకంటే ఎక్కువగా ఉంటాయి కాబట్టి వాటితో బడ్జెట్ వేసుకోకూడదు.

ఇక బిల్లు. కొలాబా వైపు ఒక రెస్టారెంట్‌లో బిల్లుపై 10 శాతం సర్వీస్ ఛార్జ్ కలిపి ఇచ్చారు. వినియోగదారుడి ఇష్టం లేకుండా దానిని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది; 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఈ సంగతి మర్యాదగా చెప్పగానే తీసేసి కొత్త బిల్లు ఇచ్చారు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. వడ్డించిన అతనికి ఇవ్వదలచుకున్నది మేము నేరుగా చేతికే ఇచ్చాం. జీఎస్టీ సంగతి వేరు, అది చట్టబద్ధమైన పన్ను: మామూలు రెస్టారెంట్‌లో, ఏసీ ఉన్నా లేకపోయినా, 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం పడుతుంది కనుక అలాంటి చోట టీ తాగినా ఆ తేడా తెలుస్తుంది. అమ్మకాలపై కొద్ది శాతం పన్ను తామే కట్టే కాంపొజిషన్ పథకం కింద ఉన్న చిన్న హోటళ్లు వినియోగదారుడి దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. మేము తిన్న చిన్న చోట్లలో మెనూలో ఉన్న ధరే బిల్లులో ఉండటానికి అదొక కారణం. కూర్చోగానే "బిస్లెరీనా, సాదానా" అని అడుగుతారు. సాదా అంటే మామూలు మంచినీళ్లు, వాటికి డబ్బు లేదు. అమ్మ కోసం మేము కాచి చల్లార్చిన నీళ్లు వెంట తీసుకెళ్లాం.

తిరుగు ప్రయాణం రాత్రి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌కు. రైల్లో భోజనం కొనకుండా దాదర్‌లోనే మెంతి థేప్లాలు (గుజరాతీ రొట్టెలు), నిమ్మకాయ పచ్చడి, మన బొబ్బట్ల లాంటి పూరణ్ పోళీలు నాలుగు కొని కట్టించుకున్నాం. థేప్లాలు మరునాటికి కూడా మెత్తగానే ఉంటాయి కాబట్టి ఉదయం టిఫిన్‌కూ అవే సరిపోయాయి.