ముట్టుకోవద్దట

నిద్ర పట్టడం లేదు. చిన్నదానికి రేపు స్లిప్ టెస్టు, గదిలో లైటు వేస్తే లేస్తుందని హాల్లోకి వచ్చి కూర్చున్నాను. మా ఆయన ఒకసారి తొంగి చూసి, ఏమీ అడక్కుండా మంచినీళ్ల సీసా పక్కన పెట్టి వెళ్లిపోయారు. నా మొహం అలా ఉందన్నమాట.

గ్యాలరీలో మా ప్రదర్శన బాగానే నడుస్తోంది, ముందు ఆ మాట చెప్పేయాలి. ఆదివారం కదా, జనం బాగా వచ్చారు. ఫైనార్ట్స్ కాలేజీ పిల్లలు కొందరు మాసబ్ ట్యాంక్ నుంచి పనిగట్టుకుని వచ్చి, జిగురు ఏం వాడారు, వెనక గుడ్డ ఏమిటి అని నోట్సు రాసుకుని మరీ వెళ్లారు. చాలా సంతోషమేసింది.

మధ్యాహ్నం మూడింటప్పుడు ఒక పెద్దాయన వచ్చారు. మనవరాలు తీసుకొచ్చినట్టుంది. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. మిగతావాళ్లవన్నీ ఒక చుట్టు చూసి నా బిల్లుబుక్కు ముందు ఆగిపోయారు. (నాన్న దర్జీ కొట్టు పాత బిల్లులూ, వాటికి గుచ్చిన బట్టముక్కలూ పరిచి నేను చేసిన బోర్డు అది. ఉగాది నుంచీ ఇక్కడ దాని గోలే.) కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వంగి, కింది వరసలో ఉన్న ఖాకీ ముక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా నలిపారు. అలా నలపడం నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. "డ్రిల్లు. అసలైన కాటన్ డ్రిల్లు. నేను ఆర్టీసీలో చేరినప్పుడు ఇదే ఇచ్చేవాళ్లు. తర్వాత్తర్వాత టెరికాటన్ వచ్చింది" అన్నారు మనవరాలితో.

అంతే. డెస్కు దగ్గరున్న అమ్మాయి గదంతా వినపడేలా "సర్, ముట్టుకోవద్దు!" అని అరిచింది. ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. నేను గబగబా వెళ్లి "పరవాలేదండీ, పట్టుకోండి, ఇది నేను చేసిందే" అన్నాను. నవ్వారు గానీ మళ్లీ పట్టుకోలేదు. గొడుగుని రెండు చేతులతో పట్టుకుని, దూరం జరిగి, కాసేపు చూసి వెళ్లిపోయారు. ఆయన ఏ డిపోలో చేశారో కూడా అడగనివ్వలేదు ఆ అరుపు.

ఇంటికొచ్చాక గ్యాలరీ నుంచి మెసేజీ. రేపు పదకొండు లోపల ఆ బోర్డుకి ముందు ఆక్రిలిక్ షీటు, అంటే గాజులా ఉండే ప్లాస్టిక్, వేయించాలట, లేకపోతే వెనక గదిలోకి మార్చేస్తారట. చివర ఒక నమస్కారం బొమ్మ.

ఒళ్లు మండిపోయింది. ఎందుకో చెప్తాను. ఆ బోర్డు మీద నాన్న సుద్ద గీతలున్నాయి. కొట్టులో మిగిలిపోయిన, కత్తిరించి కుట్టకుండా వదిలేసిన చొక్కా భాగం మీద ఆయన గీసుకున్న గీతలు. వాటి మీద నేనేమీ పూయలేదు, సుద్ద ఊడకుండా స్ప్రే కొడితే దాని తెలుపు చచ్చిపోతుంది. ఆక్రిలిక్ షీటుని గుడ్డతో తుడిచారంటే చాలు, దానికి స్థిర విద్యుత్తు పడుతుంది. సుద్దపొడినీ, ఊడిన దారప్పోగుల్నీ తన మీదికి లాగేసుకుంటుంది. అందుకే పేస్టెల్, బొగ్గు బొమ్మలకి మామూలు ఆక్రిలిక్ వేయరు. గ్యాలరీ నడిపేవాళ్లకి ఇది నేను చెప్పాలా? పోనీ గాజు వేద్దామంటే బరువు. గాజు చదరపు మీటరుకి, మందం ఒక్కో మిల్లీమీటరుకి, రెండున్నర కిలోలు తూగుతుంది. నా బోర్డు నాలుగడుగుల బై మూడు, 4 మిల్లీమీటర్ల గాజంటే అదొక్కటే పదకొండు కిలోలు. పైగా గాజు బోర్డుని తాకకుండా మధ్యలో ఖాళీ వదలాలి. తాకిందంటే వానాకాలం చెమ్మ లోపలే చిక్కుకుని బూజు పట్టేస్తుంది. ఇదంతా తెల్లారి పదకొండు లోపలట.

వీళ్లు బొమ్మల్ని కాపాడే తీరు కూడా చెప్పాలి. తగిలించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. బొమ్మ నడిమి భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తున ఉండాలని చాలా గ్యాలరీలు పాటించే లెక్క. అది మాత్రం టేపు పట్టి మరీ చూశారు, బాగుంది. మరి వెలుతురో? కాగితం, బట్ట లాంటివాటి మీద వెలుతురు 50 లక్స్‌కి మించి పడకూడదని మ్యూజియంలు జాగ్రత్తపడతాయి. వీళ్లు నా బోర్డు నెత్తిన రెండు స్పాట్ లైట్లు పెట్టారు. తగ్గించమంటే "ఫొటోల్లో డల్‌గా వస్తుంది మేడమ్" అన్నారు. ఒక ముసలాయన వేళ్ల వల్ల పాడవుతుందట గానీ, రోజంతా కొట్టే లైట్ల వల్ల పాడవదట!

నాన్న ఉంటే ఆ పెద్దాయనకి కుర్చీ వేసేవాడు.

మా కొట్టు దేవీచౌక్ దగ్గర ఉన్న రోజులు మీకు ఇదివరకు కొంచెం రాశాను. బట్ట ముట్టుకోకుండా ఆ కొట్టులో ఏ పనీ మొదలయ్యేది కాదు. ఎవరైనా చొక్కాగుడ్డ తెస్తే నాన్న ముందు మనిషిని చూసేవాడు కాదు, గుడ్డని గుప్పిట్లో బిగించి వదిలేవాడు. ముడత నిలిచిందా, విచ్చుకుందా చూసేవాడు. అనుమానమొస్తే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల ముట్టించేవాడు. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద రాలితే నూలు. కరిగి, ముడుచుకుని, నల్లటి గట్టి పూసలా అయితే పాలియెస్టర్. "ప్యూర్ కాటనన్నాడండీ కొట్టువాడు" అని తెచ్చినాయన మొహం ఆ పూస చూశాక ఎలా మారిపోయేదో నాకింకా గుర్తుంది. నాన్న మాత్రం ఆ కొట్టువాణ్ణి ఒక్క మాట అనేవాడు కాదు. "ఇది కూడా బావుంటుందండి, ఇస్త్రీ బాధ ఉండదు" అని టేపు మెళ్లో వేసుకునేవాడు.

తర్వాత బిల్లు. పేరు, తారీఖు, పొడవు, నడుము, సీటు, బాటమ్, ఒక్కొక్కటీ రెండేసి అక్షరాల్లో. కార్బన్ కింద కాపీ. ఆఖర్న గుడ్డ మూల నుంచి గోరంత ముక్క కత్తిరించి, కొట్టు కాపీకి గుండుసూదితో గుచ్చడం. ఆ గుచ్చే పని నాది. స్కూలు నుంచి వచ్చి బల్ల కింద కూర్చుని గుచ్చేదాన్ని. జూన్‌లో అయితే అన్నీ ఒకే రంగు, స్కూలు యూనిఫారాలు. సంక్రాంతికి ముందు మాత్రం పుస్తకం లావైపోయి మూత పడేది కాదు. పట్టులాగుల ముక్కలు, జాకెట్ల ముక్కలు, పెళ్లికొడుకుల సూటు ముక్కలు.

నాన్నకి ఆఖర్న రెండు కళ్లకీ శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్ వద్దని మొండికేశాడు కొన్నాళ్లు. అప్పుడు కూడా ఎవరైనా బిల్లు పారేసుకుని వస్తే పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పుతూ వేళ్లతో ముక్కలు తడుముకుంటూ పోయేవాడు. "ఇదిగో, మీ అబ్బాయి ప్యాంటుది" అని సరిగ్గా అక్కడే ఆగేవాడు. అంకె చదవలేదు, పేరు చదవలేదు. ఆ వేళ్లు ఒక్కోటీ ఎలా ఆగి, వెనక్కి ఒక ముక్క జరిగి, మళ్లీ ముందుకొచ్చేవో, నాకు ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనపడుతుంది. నేను ఆ బోర్డు చేసింది అందుకు. గోడకి దూరంగా నిలబడి చూడటానికి చేసి ఉంటే రంగుతో వేసేదాన్ని, నాకు రంగు వేయడం చేతనవును.

ఇలాంటి పని కొత్తేమీ కాదు. పికాసో 1912లో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్‌ని బొమ్మలో అంటించి చుట్టూ తాడు కట్టాడు. జర్మన్ కళాకారుడు కర్ట్ ష్విట్టర్స్ ట్రామ్ టికెట్లూ పారేసిన కాగితాలూ అంటించి బొమ్మలు చేశాడు. అవన్నీ చేతుల్లో నలిగిన వస్తువులు. వాటిని బొమ్మలోకి తేవడమే చేతులు గుర్తుకు రావడానికి కదా.

రెండు పేరాల క్రితం, రేపు వెళ్లి బోర్డు దింపేసి తెచ్చేసుకుంటాను అని రాసి, కొట్టేశాను. ఎందుకంటే ట్రంకుపెట్టె గుర్తొచ్చింది.

కొట్టు ఎత్తేశాక బిల్లు పుస్తకాలు రెండు చోట్ల పెట్టాం. ఎక్కువ భాగం అటక మీద. చోటు చాలక కొన్ని అమ్మ ట్రంకుపెట్టెలో, కలరా ఉండలేసి. అటక మీదవి నేను దింపేసరికి అట్టలు మాత్రమే పుస్తకాల్లా ఉన్నాయి. లోపలంతా చెద తినేసింది, చేత్తో పట్టుకుంటే మట్టి. నాన్న రాత, ఆ ముక్కలు, అన్నీ. బోర్డు మీద ఇవాళ ఉన్న బిల్లులన్నీ పెట్టెలోవే. ఏళ్ల తరబడి ఎవరూ తెరవలేదు, ఎవరూ ముట్టుకోలేదు, గాలి కూడా తగల్లేదు. అందుకే ఉన్నాయి.

పైగా బిల్లు కాగితం చవకరకం. అందులో ఉండే, కొయ్య నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం వల్ల వెలుతురూ గాలీ తగిలేకొద్దీ పసుపు తిరిగి పెళుసెక్కిపోతుంది. అందుకనే కదా ఒక్కో కాగితాన్నీ మలుమల్ గుడ్డ మీద చింతగింజల జిగురుతో పరిచి, పురుగు పట్టకుండా జిగురులో కాస్త మైలుతుత్తం కలిపాను. తుప్పు పట్టిన గుండుసూదులు ఒక్కోటీ తీసేసి, అవే బెజ్జాల్లోంచి దారం పోనిచ్చి ముక్కల్ని కుట్టాను. సూది ఉన్నంత మేరా గోధుమరంగు గీత మిగిలింది, దాన్ని అలాగే వదిలాను. అంత జాగ్రత్తపడ్డదాన్ని, రోజుకి వందమంది నలుపుతుంటే ఎన్నాళ్లు నిలుస్తుందని అనుకున్నాను? ఒక్క పెద్దాయన నలిపినంత మెత్తగా అందరూ నలపరు. పొద్దున ఒక కుర్రాడు దారం లాగి చూడటం నేనూ చూశాను, నాకూ గుండె ఝల్లుమంది.

చేర్యాల పటాలు గుర్తొస్తున్నాయి. ఖాదీ గుడ్డకి సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి నకాషీలనే చిత్రకారులు బొమ్మలు వేస్తే, కథ చెప్పేవాళ్లు వాటిని ఊరూరా తిప్పి, ఒక్కో గడీ విప్పి చూపిస్తూ కులపురాణాలు చెప్పేవాళ్లు. వాడి వాడి చిరిగిన పటాన్ని శాస్త్రప్రకారం ఏటిలో కలిపేసి, కొత్తది రాయించుకునేవాళ్లని చదివాను. చేతుల్లో బతికి చేతుల్లోనే పోయేది ఆ పటం. గొప్ప పద్ధతే. కానీ వాళ్లకి కొత్తది రాసే నకాషీ ఉన్నాడు. నాన్న బిల్లు మళ్లీ ఎవరు రాస్తారు? నేను దాన్ని ఏటిలో కలపలేను. ఆ మాట రాస్తుంటేనే చెయ్యి ఆగిపోతోంది.

ప్రారంభం రోజు అమ్మ వచ్చింది కదా. మీకు అమ్మ సంగతి తెలుసు, గ్యాలరీ అంటేనే విసుక్కుంటుంది. బోర్డు ముందు నిలబడి, కొలతలన్నీ చదివి, "మీ నాన్న రాత ఇంత బావుంటుందని ఎప్పుడూ చూళ్లేదే" అంది. అమ్మ దేన్నీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లతోనే చదివింది. అది కూడా చూడటమే అని ఇప్పుడు అనిపిస్తోంది.

కాబట్టి అద్దం వేయిస్తాను. గ్యాలరీ బెదిరించిందని కాదు. ఆ అరుపు మాత్రం నేను మర్చిపోను, ఆ సంగతి వాళ్లతో విడిగా మాట్లాడతాను. నలుగురిలో పెద్దాయన్ని అలా గద్దించే హక్కు ఎవరికీ లేదు. గోడ మీద ఒక చీటీ పెట్టి ఉంటే సరిపోయేది, లేదా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పి ఉంటే సరిపోయేది.

ట్రంకుపెట్టె అడుగున బిల్లుల్లోంచి ఊడిపోయిన ముక్కలు ఇంకా గుప్పెళ్లకొద్దీ ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియనివి. వాటిని నాన్న గుండీల డబ్బాలో పోసి బోర్డు కింద స్టూలు మీద పెట్టి, పట్టుకుని చూడండి అని రాసిపెడితే? డ్రిల్లు కూడా ఉంది వాటిలో, ఇందాక వెతికి చూశాను. స్టూలుకి ఒప్పుకుంటారో లేదో. దారికి అడ్డం అంటారు. ఒప్పుకోకపోతే డబ్బా నా ఒళ్లో పెట్టుకుని నేనే కూర్చుంటాను, ఎలాగూ సాయంత్రాలు అక్కడే ఉంటున్నాను.

పొద్దున్నే ఎనిమిదింటికల్లా ఫ్రేముల భాయ్‌కి ఫోన్ చేయాలి. ఆక్రిలిక్ వద్దు, గాజే. పెట్టె ఫ్రేము, గాజుకీ బట్టకీ మధ్య అంగుళం ఖాళీ, వెనక చెమ్మ పోవడానికి సందు. పదకొండుకి అవ్వదని ఆయనే అంటాడు, ఆ మాట గ్యాలరీకి ఆయన చేతే చెప్పిస్తాను. గోడకి ఇప్పుడున్న రెండు కొక్కేలు ఆ బరువుకి ఆగవు, నాలుగు కొట్టించాలి. రెండు లైట్లలో ఒకటి తీసేయించాలి.